గునపం ఇంట్లో వదిలేసి రండి: విశాఖ చుట్టుపక్కల పురావస్తు పరిశీలన ఎలా చేయాలి

విశాఖ దగ్గర బౌద్ధ శిథిలాలున్న తొట్లకొండో బావికొండో ఎక్కి దిగినవాళ్లు అడిగే ప్రశ్నలు రెండే. "మేం కూడా తవ్వొచ్చా, ఎక్కడ నేర్పుతారు?" అన్నది ఒకటి. ఒక కుండ పెంకు ఫొటో వాట్సాప్‌లో పంపి "ఇది ఎన్నేళ్ల నాటిదండీ?" అనడం రెండోది.

తవ్వడం సంగతి ముందు తేల్చేద్దాం. తవ్వకూడదు. అనకాపల్లి వైపు శంకరం దగ్గరి బౌద్ధ క్షేత్రం బొజ్జన్నకొండ కేంద్ర పురావస్తు సర్వేక్షణ రక్షణలో ఉంది. తొట్లకొండ, బావికొండ రాష్ట్ర పురావస్తు శాఖ చేతిలో ఉన్నాయి. ఇలాంటి చోట లైసెన్సు లేకుండా గడ్డపార దించితే 1958 నాటి కేంద్ర చట్టమో, 1960 నాటి రాష్ట్ర చట్టమో మీద పడుతుంది. చట్టం మాట పక్కన పెట్టినా, తవ్వకం ఒక్కసారే జరిగే పని. పొర ఒకసారి చెదిరిందంటే దాన్ని మళ్లీ పేర్చలేం. అందుకే బాగా తెలిసినవాళ్లు కూడా తవ్వేముందు నెలల తరబడి నడుస్తారు, చూస్తారు, రాసుకుంటారు. తొట్లకొండ తవ్వకాలు 1988 నుంచి 1993 దాకా సాగాయి. ఆ చోటు అంతకుముందే, 1970ల్లో, నౌకాదళం వాళ్లు విమానం నుంచి చేసిన సర్వేలో బయటపడింది. అంటే ముందు కంటికి ఆనింది, తర్వాతే తాపీ దిగింది.

ఆ ముందు పనిని మీరు నేర్చుకోవచ్చు. ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. కింద చెప్పేది అదే. రెండో ప్రశ్నకు జవాబు కూడా దారిలోనే దొరుకుతుంది.

ఏమేం కావాలి

- గట్టి అట్ట ఉన్న నోటుపుస్తకం, గళ్ల కాగితాలు, హెచ్‌బీ పెన్సిళ్లు. పెన్ను వద్దు. మన సముద్రపు గాలికి, చెమటకి సిరా అలుక్కుపోతుంది.
- 30 మీటర్ల టేపు ఒకటి, 5 మీటర్ల చిన్న టేపు ఒకటి.
- నైలాన్ దారం, నాలుగు మేకులు, తాపీ మేస్త్రీలు వాడే తూకం గుండు, రసమట్టం. పూర్ణామార్కెట్ వైపు హార్డ్‌వేర్ షాపుల్లో అన్నీ దొరుకుతాయి.
- అంగుళం మందం పీవీసీ పైపుతో చేసిన చతురస్రపు చట్రం, లోపలి కొలత సరిగ్గా మీటరు. ప్లంబరుతో చేయించండి, లేదా నాలుగు ఎల్బోలు తెచ్చి మీరే బిగించుకోండి.
- పది సెంటీమీటర్ల స్కేలు, అట్టతో కత్తిరించిన ఉత్తర దిక్కు బాణం.
- జీపీఎస్ ఉన్న ఫోను, పవర్ బ్యాంకు.
- నీళ్లు, టోపీ, మడమ దాటి ఎత్తున్న బూట్లు. చెప్పులేసుకుని వస్తే పల్లేరు కాయలే మీకు గురువులు.

డ్రోన్ ఊసే వద్దు. ఇది తూర్పు నౌకాదళం ఉన్న ఊరు, ఎగరకూడని చోట్లు చాలా ఉన్నాయి. మెటల్ డిటెక్టరు కూడా తేవద్దు. దాన్ని చేతిలో చూడగానే ఊళ్లోవాళ్లు గుప్తనిధుల బ్యాచ్ దిగిందనుకుంటారు. వాళ్లని తప్పుపట్టలేం కూడా.

1. చోటు ఎంచుకోండి, అడిగి అడుగుపెట్టండి

మొదటిసారి రక్షిత ప్రాంతంలో సాధన చేయకండి. అక్కడ మేకు పాతడం, దారం కట్టడం కూడా అనుమతి లేకుండా చేయకూడదు. చుట్టూ వంద మీటర్లు నిషిద్ధం, ఆపైన మరో రెండు వందల మీటర్లు నియంత్రణలో ఉంటాయన్నది కేంద్ర రక్షిత కట్టడాలకు 2010లో చట్టంలోకి ఎక్కిన నియమం. అది నిర్మాణాలకు, తవ్వకాలకు సంబంధించినదే అయినా, ఆ పరిధిలో మీరు టేపులు పరిస్తే కాపలాదారు రాకుండా ఉండడు.

బంధువుల పొలమో, స్నేహితుల జీడితోటో చూసుకోండి. భీమిలి, ఆనందపురం, పద్మనాభం, అనకాపల్లి వైపు ఎవరో ఒకరు ఉండకపోరు. రైతును ముందురోజే కలిసి, "ఏమీ తవ్వం, ఏమీ పట్టుకెళ్లం, నడిచి రాసుకుంటాం" అని చెప్పండి. ఆయన ఒప్పుకున్నాక ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: "ఈ పొలంలోకి ఎప్పుడైనా పాటిమన్ను తోలించారా?" పాటిమన్ను అంటే పాత ఊరి దిబ్బ మట్టి. ఈ ప్రశ్న అవసరం ఏమిటో నాలుగో మెట్టులో చెబుతాను. మొత్తం పనిలో ఇంతకన్నా విలువైన ప్రశ్న లేదు.

2. ఇంట్లో ఒక సాయంత్రం

సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 పటాలను దించుకుని ఆ ఊరి చుట్టూ చూడండి. చెరువులు, పాత దారులు, గుట్టలు, దిబ్బ అని రాసి ఉన్న చోట్లు గుర్తు పెట్టుకోండి. తర్వాత గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల చిత్రాలు తెరవండి. ఇప్పుడు లేఅవుట్ పడ్డ చోట పదిహేనేళ్ల కిందట ఏముందో కనిపిస్తుంది. పొలం మధ్యలో గుండ్రంగా రంగు తేడా ఉందా, గట్టు తిన్నగా వెళ్లక ఎక్కడైనా ఒంగి తిరుగుతోందా చూడండి. అక్కడ ఏదో అడ్డు ఉందని అర్థం. అది బండరాయి కావచ్చు, పాత గోడ కావచ్చు, తాతల నాటి తగాదా కూడా కావచ్చు.

ఊళ్లో పెద్దవాళ్లని కూడా అడగండి. పాటిదిబ్బ, కోటదిబ్బ, బూడిదదిబ్బ లాంటి పేర్లు పటాల్లో లేకపోయినా వాళ్ల నోట్లో ఉంటాయి.

3. రోజు, వేళ

జనవరి నుంచి మార్చి మొదటి వారాల దాకా మంచి కాలం. వానలు పోయి తుప్పలు ఎండుతాయి, నేల కనబడుతుంది. దున్ని, ఒక చినుకు పడ్డాక రెండు మూడు రోజులకు వెళ్లగలిగితే మరీ మేలు. మట్టి కడుక్కుపోయి పెంకులు పైకి తేలి ఉంటాయి.

పొద్దున్నే వెళ్లండి. సూర్యుడు సముద్రం మీదుగా వాలుగా కొట్టే మొదటి గంటలో జానెడు ఎత్తు దిబ్బకి కూడా నీడ పడుతుంది. అదే దిబ్బ పదకొండింటికి నేలలో కలిసిపోయినట్టుంటుంది. ఆ గంటలో ముందు పొలం అంచున నిలబడి నాలుగు వైపులా ఫొటోలు తీసి, తర్వాతే లోపలికి అడుగేయండి. ఒక్కరే వెళ్లొద్దు. పాములున్నాయి, నుయ్యిలున్నాయి, గట్టు లేని పాత బావుల మీద తుప్పలు మూసుకుని ఉంటాయి.

4. వరసగా నడవండి

నలుగురైదుగురు పొలం ఒక అంచున పది మీటర్ల ఎడంతో నిలబడండి. ఎదురుగా ఒక తాటిచెట్టో కరెంటు స్తంభమో గురి పెట్టుకుని తిన్నగా నడవండి. మనిషి తనకు అటూ ఇటూ ఒక్కో మీటరు నేలనే సరిగ్గా చూడగలడు. అంటే పది మీటర్ల ఎడంతో నడిస్తే పొలంలో అయిదో వంతే చూసినట్టు. ఈ సంగతి నోటులో రాయండి. "మొత్తం వెతికాం, ఏమీ లేదు" అని రాయడం అబద్ధమవుతుంది. ఇద్దరే ఉంటే తిరిగి వచ్చేటప్పుడు కొత్త గీత మీద రండి.

ప్రతి ఇరవై మీటర్లకు ఆగి, ఆ ముక్కలో ఏం చూశారో అంకెల్లో రాయండి: పెంకులు ఎన్ని, ఇటుక ముక్కలు ఎన్ని, రాతి పెచ్చులు ఎన్ని. ఏమీ లేకపోతే సున్నా రాయండి. గడి ఖాళీగా వదిలితే, ఏమీ లేదో మీరు చూడలేదో తర్వాత మీకే తెలియదు. బొటనవేలి గోరు కంటే చిన్న పెంకుల్ని లెక్కలోకి తీసుకోవద్దని ముందే అందరూ ఒప్పుకోండి. లేకపోతే కళ్లు చురుగ్గా ఉన్నవాడు నడిచిన గీతే పెద్ద ఊరైపోతుంది. పక్కపక్క వాళ్లని మధ్యలో ఒకసారి మార్చి చూస్తే ఈ తేడా బయటపడుతుంది.

ఇక పాటిమన్ను సంగతి. పాత ఊరి దిబ్బల మట్టిలో బూడిద, ఎముకలు, పేడ కలిసి ఉంటాయి కాబట్టి రైతులు దాన్ని ఎరువుగా బళ్లమీద తోలి పొలాల్లో చల్లేవారు. ఆ మట్టితో పాటు పెంకులూ వచ్చేస్తాయి. కాబట్టి పొలమంతా పలచగా, సమానంగా పెంకులు కనిపిస్తే అక్కడ ఊరు ఉండేదని ఎగిరి గంతేయకండి. ఊరు ఉన్న చోట పెంకులు ఒక దగ్గర గుంపుగా ఉండి, దూరం వెళ్లేకొద్దీ పలచబడతాయి. ముక్కలు పెద్దవిగా, అంచులు పదునుగా ఉంటాయి. బండి మీద వచ్చి నాగలి కింద నలిగినవి చిన్నవిగా, అంచులు గుండ్రంగా అరిగి ఉంటాయి. ఇలా అనిపించినప్పుడు అసలు దిబ్బ ఎక్కడుందని ఊళ్లో అడగండి. దాన్ని సగం తవ్వి తరలించేసి ఉంటే, మిగిలిన సగం చూడాల్సిన చోటు అదే.

తీరంలో ఇంకో రెండు మోసాలున్నాయి. గుల్లల కుప్ప కనబడగానే ఆదిమానవుడు తిని పారేశాడనుకుంటారు. గుల్ల సున్నం కాల్చిన బట్టీ దగ్గర కూడా అచ్చం అలాగే ఉంటుంది. కాలిన మట్టి, తెల్లటి పొడి పక్కనే ఉన్నాయేమో చూడండి. ఇనుము కరిగించాక మిగిలే ఇనుప చిట్టెం కూడా అంతే. పాత కొలిమిది కావచ్చు, మొన్న రోడ్డుకి గుంత పూడ్చినప్పుడు లారీలో వచ్చిందీ కావచ్చు. రోడ్డు పక్కన దొరికితే నమ్మకండి.

5. గడి వేసి లెక్కపెట్టండి

ఎక్కువగా కనిపించిన చోట అయిదు మీటర్ల చతురస్రం వేయండి. మూల తిన్నగా రావాలంటే మేస్త్రీలు పునాదికి చేసేదే చేయండి: ఒక వైపు మూడు మీటర్లు, రెండో వైపు నాలుగు, కర్ణం అయిదు. నాలుగు మేకులు పడ్డాక రెండు మూలవాట్లూ కొలవండి. రెండూ 7.07 మీటర్లు రావాలి. అయిదు సెంటీమీటర్లకు మించి తేడా వస్తే మేకు పీకి మళ్లీ పాతండి, సర్దుకుపోకండి.

వాలు నేల మీద టేపును నేలకు ఆనించి లాగడం అందరూ చేసే పొరపాటు. పటం మీద దూరమంటే అడ్డంగా ఉండే దూరం. ఇరవై డిగ్రీల వాలు మీద నేలకు ఆనించి పది మీటర్లు కొలిస్తే పటం మీద అది 9.4 మీటర్లే. కింది వైపు వాళ్లు టేపును పైకెత్తి, రసమట్టంతో సరిచూసి, చివర నుంచి తూకం గుండు వదలాలి. కొండవాలు నిటారుగా ఉంటే రెండేసి మీటర్లు చొప్పున మెట్లు మెట్లుగా కొలవండి.

చతురస్రంలో మీటరు చట్రాన్ని నాలుగైదు చోట్ల పెట్టి లోపలున్నవన్నీ లెక్కపెట్టండి. చట్రం ఎక్కడ పెట్టాలో ముందే చీటీలు తీసి తేల్చుకోండి. "ఇక్కడ బాగున్నాయి, ఇక్కడ పెడదాం" అనుకుంటే ఆ లెక్కకు విలువ లేదు. చూసిన పెంకును తిప్పి చూసి, ఫొటో తీసి, ఉన్న చోటే, ఉన్న తీరులోనే తిరిగి పెట్టేయండి. జేబులోకి ఏదీ వెళ్లకూడదు. రక్షిత చోటు కాకపోయినా సరే.

6. ఫొటో, జీపీఎస్, నోటు

ప్రతి ఫొటోలో స్కేలు, ఉత్తర దిక్కు బాణం ఉండాలి. రూపాయి బిళ్లనీ అగ్గిపెట్టెనీ పెట్టకండి, వాటి కొలతలు మారుతుంటాయి. స్కేలును కాగితం మీద ప్రింటు తీసుకుంటే, ప్రింటరు దాన్ని పేజీకి సరిపడా కుదించేసి ఉంటుంది. బడి పిల్లల ప్లాస్టిక్ స్కేలుతో ఒకసారి పోల్చండి. స్కేలును వస్తువు ఎంత ఎత్తులో ఉంటే అంతే ఎత్తులో పెట్టండి. బైకు పక్కన నిలబడి ఫోను దిక్సూచి చూడకండి, ఇనుము దాన్ని తప్పుదోవ పట్టిస్తుంది. మన ప్రాంతంలో అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా స్వల్పం, దాని గురించి బెంగ అక్కర్లేదు.

ఫోను జీపీఎస్ ఆరుబయట కూడా కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. ఒక నిమిషం కదలకుండా నిలబడి, అంకె కుదురుకున్నాక రాయండి. దశాంశంలో అయిదు అంకెలు చాలు, అయిదో అంకె విలువ సుమారు ఒక మీటరు. ఫోను ఏడెనిమిది అంకెలు చూపించినంత మాత్రాన అంత కచ్చితంగా ఉందని కాదు. విశాఖ చుట్టుపక్కల అక్షాంశం 17తోనో 18తోనో, రేఖాంశం 82తోనో 83తోనో మొదలవుతుంది. రెండూ తారుమారైతే మీ పొలం ఉత్తర ధ్రువం దగ్గరి మంచు సముద్రంలో తేలుతుంది. నవ్వొస్తుంది కానీ, ఈ తప్పు తరచూ దొర్లుతుంది. ఇంటికొచ్చాక అంకెలను పటం మీద పెట్టి చూడడమే దీనికి తనిఖీ.

నోటులో చూసింది ఒక వైపు, అనుకున్నది ఇంకో వైపు రాయండి. "గుండ్రంగా పేర్చిన ఇటుకలు, రెండు వరసలు, వ్యాసం సుమారు 3 మీ." అన్నది చూసింది. "స్తూపం" అన్నది అనుకున్నది. నూతి ఒరకు కూడా గుండ్రంగానే ఇటుకలు పేరుస్తారు కదా.

ఇటుక పూర్తిగా ఉంటే పొడవు, వెడల్పు, మందం మూడూ కొలవండి. బౌద్ధ కాలపు ఇటుకలు నేటి బట్టీ ఇటుకలకు దాదాపు రెట్టింపు పొడవుంటాయి. అయితే పాత ఇటుకల్ని పీకి తర్వాతివాళ్లు తమ గోడల్లో వాడుకోవడం మామూలే. పెద్ద ఇటుక ఉన్నంత మాత్రాన గోడ అంత పాతదని చెప్పలేం.

7. పెంకును చదవడం

అందరికీ ఇష్టమైన పని ఇదే. దీన్ని మాత్రం పొలంలో కాదు, ఇంట్లో నేర్చుకోండి. కుమ్మరి దగ్గర ఒక కుండ కొని తెచ్చి, మూతి వ్యాసం కొలిచి ఒక చీటీ మీద రాసి మడిచి పెట్టండి. తర్వాత కుండను సంచిలో పెట్టి పగలగొట్టండి. ఇంట్లో పెద్దవాళ్లకు ముందే చెప్పండి, కొత్త కుండ పగిలితే అపశకునం అంటారు.

ముక్కల్ని మూడు కుప్పలు చేయండి: మూతి అంచు, అడుగు, పక్క పెంకులు. మూతి అంచు ముక్కను బల్ల మీద తలకిందులుగా ఆనించి, ముందుకూ వెనక్కీ వంచుతూ, అంచు కింద నుంచి వెలుతురు కనబడని కోణం పట్టుకోండి. కుండకు ఆ ముక్క ఎలా ఉండేదో అదే. దాన్ని అలాగే పట్టుకుని కాగితం మీద అంచు వెంట వంపు గీయండి. వంపు రెండు కొసలనూ కలుపుతూ తిన్నటి గీత గీసి, దాని పొడవు, నడుమ నుంచి వంపు ఎంత ఎత్తుందో కొలవండి. పొడవును పొడవుతో గుణించి, ఎత్తుకు ఎనిమిది రెట్లతో భాగించి, ఎత్తులో సగం కలిపితే వ్యాసార్ధం. ఉదాహరణకు గీత 8 సెం.మీ., ఎత్తు 1 సెం.మీ. అనుకోండి. 64ను 8తో భాగిస్తే 8, దానికి అర కలిపితే 8.5. అంటే మూతి వ్యాసం 17 సెం.మీ.

ఇప్పుడు మడిచిపెట్టిన చీటీ విప్పండి. రెండో మూడో ముక్కలతో చేసి చూస్తే సెంటీమీటరు అటూ ఇటూలో రావాలి. రాకపోతే ముక్క మరీ చిన్నదై ఉంటుంది. ఎత్తు కొలతలో ఒక మిల్లీమీటరు తప్పితే ఫలితం ఎంత మారుతుందో పై లెక్కలోనే వేసి చూడండి: 1 సెం.మీ. బదులు 0.9 పెడితే వ్యాసం 17 నుంచి 18.7కి పోతుంది. వేలెడు వెడల్పు కూడా లేని అంచు ముక్కకు వ్యాసం చెప్పకపోవడమే నిజాయతీ. నేటి కుండలు చేత్తో చేసినవే కాబట్టి మూతి కాస్త కోలగా ఉండొచ్చు, అదీ మనసులో పెట్టుకోండి.

పొలంలో పెంకును చూసేటప్పుడు లోపలా బయటా రంగు, విరిగిన చోట మధ్యలో రంగు, మట్టిలో కలిపిన ఇసుకా ఊకా, కుమ్మరి సారె తిరిగిన గీతలు, నునుపు రాసుకోండి. లోపలా మూతి అంచూ నలుపు, బయట కింది భాగం ఎరుపు ఉన్న పాత్రలు దక్షిణ భారతమంతటా ఇనుప యుగంలోనూ తొలి చారిత్రక కాలంలోనూ వాడుకలో ఉండేవి. కుమ్మరి ఆవంలో కుండను బోర్లించి కాలిస్తే గాలి తగలని భాగం నల్లబడుతుందన్నది దానికి చెప్పే మామూలు వివరణ. వంట పొయ్యి మసితో నల్లబడ్డ పెంకును దీనితో కలిపేయకండి. మసి బయట వైపు ఉంటుంది, పైపైన ఉంటుంది. నలుపు-ఎరుపు పాత్ర రంగు విరిగిన అంచులో లోతుకు దిగి ఉంటుంది.

భీమిలి వైపు నీలం గీతల తెల్ల పింగాణీ ముక్కలు దొరికితే "కొత్తవి" అని వదిలేయకండి. డచ్చివాళ్లు వ్యాపారం చేసిన రేవు అది, వాళ్ల సమాధులు ఇప్పటికీ అక్కడున్నాయి. రెండు మూడు వందల ఏళ్ల సరుకు కూడా పురావస్తువే.

రాతి పెచ్చుల విషయంలో ఇంకా జాగ్రత్త. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల్లో సూక్ష్మ రాతి పనిముట్లు దొరికాయన్న మాట విని, అక్కడికి వెళ్లిన ప్రతివాళ్లూ ప్రతి తెల్లరాయినీ బాణపు మొన అంటారు. మనిషి కొట్టి తీసిన పెచ్చుకు దెబ్బ తగిలిన చదునైన చోటు, దాని కిందే చిన్న ఉబ్బు, అక్కడి నుంచి నీటి అలల్లా వ్యాపించిన గీతలు ఉంటాయి. ఈ మూడింటిలో రెండైనా లేకపోతే మామూలు రాయి అనుకోవడమే క్షేమం. పైగా అక్కడి వాగుల అడుగున దొరికేది పైనుంచి కొట్టుకొచ్చింది, దాని అసలు చోటు పోయింది. ఆ దిబ్బలు భూవారసత్వ ప్రదేశం. చూడండి, ఫొటో తీయండి, గోడల్ని గీకకండి, గుప్పెడు మట్టి కూడా తేకండి.

8. పొరలు చూడాలంటే పునాది గుంతకు వెళ్లండి

తవ్వకుండానే పొరలు చదవడం నేర్చుకోవచ్చు. విశాఖలో ఏ వీధిలో చూసినా అపార్ట్‌మెంటు పునాది తవ్వుతూనే ఉంటారు. మేస్త్రీని అడిగి, భోజనాల వేళ గుంత గోడ దగ్గరికి వెళ్లండి. నడుం లోతు దాటితే లోపలికి దిగొద్దు, పైనుంచే చూడండి. మన ఎర్రమట్టి, ఇసుక నేలలు చెప్పకుండా కూలతాయి.

ఒక మీటరు వెడల్పు గోడను తాపీ అంచుతో పైనుంచి కిందికి పల్చగా చెక్కి, నీళ్లు చిలకరించండి. ఎండిన మట్టిలో దాక్కున్న రంగులు తడి తగలగానే విడివడతాయి. గోడకు అడ్డంగా దారం కట్టి రసమట్టంతో సరిచేసి, దాని నుంచి పైకీ కిందికీ కొలుస్తూ గళ్ల కాగితం మీద గీయండి. పది సెంటీమీటర్లకు ఒక సెంటీమీటరు లెక్క సరిపోతుంది. ప్రతి పొరకూ అంకె వేసి రంగు, ముతకా మెత్తనా, గట్టిదా వదులా, ఏం కలిసి ఉంది రాయండి. రంగు రాసేటప్పుడు అందరూ మట్టి ఒకేలా తడిగా ఉన్నప్పుడే చూడాలి. తవ్వకాల్లో మట్టి రంగును పోల్చి చూసేందుకు మన్సెల్ చార్టు అనే రంగుల పట్టిక వాడతారు. అది ఖరీదు, మీకు ఇప్పుడే అక్కర్లేదు.

కిందది ముందు, పైది తర్వాత అన్న సూత్రం అందరికీ తెలుసు. చిక్కు గోతుల దగ్గర వస్తుంది. ఎవరో ఎప్పుడో గొయ్యి తీసి చెత్త వేసి ఉంటే, ఆ చెత్త లోతున ఉన్నా కొత్తదే. గొయ్యి అంచు ఏ పొర నుంచి మొదలైందో వెతకండి. ఏ పొరల్ని కోసిందో వాటికంటే అది కొత్తది, ఏ పొర దాన్ని మూసిందో దానికంటే పాతది. ఎలుక బొరియలు, పీతల బొరియలు, వేళ్లు పోయిన దారులు కూడా ఇలాగే పై వస్తువుల్ని కిందికి దించేస్తాయి. గుండ్రంగా, వదులు మట్టితో నిండి, కింద మొన తేలి ఉంటే అనుమానించండి.

పొర వయసు అందులోని అతి కొత్త వస్తువును బట్టే చెప్పాలి, అతి పాత వస్తువును బట్టి కాదు. ఒకే పొరలో నలుపు-ఎరుపు పెంకు, సీసా ముక్క, గుట్కా ప్యాకెట్టు ఉంటే అది గుట్కా ప్యాకెట్టు కాలం తర్వాత పడిన పొర. మొదట్లో చెప్పిన వాట్సాప్ ఫొటోకు జవాబివ్వలేకపోవడానికి కారణం ఇదే. పెంకు రెండు వేల ఏళ్లది కావచ్చు, అది పడి ఉన్న పొర నిరుటిది కావచ్చు. చోటు తెలియకుండా రెండో సంగతి చెప్పలేం.

గీసింది సరిగ్గా ఉందో లేదో చూడాలంటే పటాన్ని పక్కవాళ్లకిచ్చి, "మూడో పొర గోడ మీద ఎక్కడుందో చూపించు" అనండి. చూపించలేకపోతే ఆ గీత గోడలో లేదు, మీ మనసులో ఉంది. గుంతలో శిల్పం, నాణేలు, రాతి కట్టడం లాంటివి బయటపడితే పని ఆపించి ఎనిమిదో మెట్టు వదిలేసి పదో మెట్టుకు వెళ్లండి.

9. శాసనం కనబడితే

ముగ్గుపిండి, సుద్ద, పసుపు, నూనె ఏదీ పూయకండి. అక్షరం కనబడాలంటే సాయంత్రం చీకటి పడ్డాక టార్చిని రాయి పక్క నుంచి, దాదాపు రాతికి ఆనించి వెలిగించండి. నాలుగు వైపుల నుంచీ వెలుగు వేసి నాలుగు ఫొటోలు తీయండి. కాగితం అద్ది సిరాతో అచ్చు తీయడం శిక్షణ ఉన్నవాళ్ల పని. సాధనకు సింహాచలం కంటే మంచి చోటు లేదు. 1098 నాటి కులోత్తుంగ చోళుడి శాసనం మొదలు శ్రీకృష్ణదేవరాయల శాసనాల దాకా వందల కొద్దీ ఉన్నాయి. కానీ గుళ్లో ఫోనుకు, ఫొటోకు అనుమతి ఉందో లేదో ముందు కనుక్కోండి. లేకపోతే చూసి, చేత్తో రాసుకు రండి.

10. ఎవరికి చెప్పాలి

పాత దిబ్బ, శిల్పం, శాసనం అయితే రాష్ట్ర పురావస్తు శాఖకు రాతపూర్వకంగా పంపి, ఒక ప్రతి తహసీల్దారుకివ్వండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చరిత్ర, పురావస్తు విభాగం ఉంది, సలహాకు అక్కడా వెళ్లొచ్చు. భూమిలో దాచిన నాణేలో నగలో దొరికితే సంగతి వేరు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలు దాటిన ఏ నిధినైనా దొరికినవాళ్లు కలెక్టరుకు తెలియజేయాలి. దాచితే శిక్ష ఉంది.

పంపేది రెండు పేజీలు దాటనివ్వకండి: ఊరు, సర్వే నంబరు, జీపీఎస్ అంకెలు, రైతు అనుమతితో వెళ్లారన్న మాట, నడిచిన గీతల పటం, గడి లెక్కలు, స్కేలుతో ఉన్న నాలుగైదు ఫొటోలు, ప్రస్తుతం ఆ చోటుకు ఉన్న ముప్పు. దున్నుతున్నారా, మట్టి తోలుతున్నారా, ప్లాట్లు వేస్తున్నారా? ఈ చివరి వాక్యాన్ని మొదటి పేరాలో పెట్టండి, ఫైలు కదిలేది దానివల్లే. "శాతవాహనుల కాలం నాటి మహా నగరం" లాంటి మాటలు రాస్తే చదివేవాళ్లు అక్కడే ఆపేస్తారు.

జీపీఎస్ అంకెలు, దారి చూపించే ఫొటోలు ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాలో పెట్టకండి. ఫోను ఫొటోలోనే లొకేషన్ దాక్కుని ఉంటుంది, పంపేముందు ఆ సెట్టింగు ఆపేయండి. నిధుల వేటగాళ్లకు అంతకంటే అక్కర్లేదు. ఒక్క రాత్రిలో జేసీబీ వస్తుంది.

జవాబు రాకపోతే నెలన్నరకు అదే కాగితం మళ్లీ పంపండి, ముందు పంపిన తేదీ వేసి. ఈలోగా ఏడాదికోసారి అదే నెలలో అదే గీతల మీద నడిచి, అవే గళ్లలో లెక్కపెట్టండి. లెక్క ఒక్కసారిగా పడిపోయిందంటే ఎవరో ఏరుకుపోతున్నారు. పెరిగిందంటే నాగలి లోతుకు దిగుతోంది, ఆ సంగతి రైతుతోనూ మాట్లాడాలి.